చిన్న బల్లపై రైలుమార్గము

కరీంనగరులోని ఒక ఇంటి మిద్దెపై చిన్న గది కలదు. పాత ట్రంకుపెట్టెలును, విరిగిన మంచమును ఆక్రమించిన చోటు పోగా, అందు ఒక బల్లకు మాత్రమే స్థలము మిగిలినది. బల్ల పొడవు 120 సెంటీమీటర్లు. వెడల్పు 75 సెంటీమీటర్లు. ఆ యింటి బాలుడు దానిపై ఒక రైలుమార్గమును నిర్మింపవలెనని సంకల్పించెను.

దుబాయిలో పనిచేయు మేనమామ సెలవులకు వచ్చుచు అతనికొక బొమ్మరైలును తెచ్చెను. దాని ఇంజను అరచేతిలో ఇముడును. పట్టాల నడుమ దూరము 9 మిల్లీమీటర్లే. ఈ కొలతకు కారణము కలదు. పెక్కు దేశములలో రైలుపట్టాల నడుమ దూరము 1,435 మిల్లీమీటర్లు. దానిని 160చే భాగించినచో సుమారు 9 వచ్చును. 1960వ దశకపు తొలి యేండ్లలో జర్మనీలోని నూరెంబర్గు నగరమున ఈ కొలతతో బొమ్మరైళ్లను చేయ నారంభించిరి. మన బ్రాడ్‌గేజి పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటర్లు. కావున ఆ బొమ్మ మన రైలునకు సరియైన ప్రతిరూపము కాదు. అయినను బాలుని కంటికి అది మన రైలే.

అతడు కాగితముపై తన మార్గమును గీసెను. పెద్దపల్లినుండి కరీంనగరు మీదుగా నిజామాబాదు వరకు 2017లో పూర్తియైన రైలుమార్గమంతయు అందుండెను. మానేరు జలాశయము, ఎలగందుల కోట, రామగుండమున కావలనున్న గోదావరి వంతెన, వీనిలో దేనిని విడుచుటకును అతనికి మనసొప్పలేదు.

తాత ఆ కాగితమును చూచెను. ఆయన రామగుండమున బొగ్గుబండిని నడిపి ఉద్యోగవిరమణ చేసినవాడు.

“నిజామాబాదు మార్గము 177 కిలోమీటర్లు, బిడ్డా. దానిని 160చే భాగించి చూడుము” అనెను.

బాలుడు లెక్క కట్టెను. 1,106 మీటర్లు వచ్చినది. మిద్దె గది కాదుకదా, వారి వాడ యంతయు చాలదు!

అయినను అతడు వినలేదు. మూడు స్టేషనులను, కోటను, వంతెనను బల్లపై ఇరికించెను. పట్టా కుడికి వంగి, వెంటనే ఎడమకు వంగినచోట బండి పట్టాలు తప్పెను. ఎన్నిమారులు సరిచేసినను అక్కడనే పడిపోయెను. ఎదురెదురు వంపుల నడుమ కొంత తిన్నని పట్టా లేనిచో వ్యాగనులు ఒకదానినొకటి ప్రక్కకు లాగును.

“నేను నడిపిన మార్గమును వేయుము. ఒక్క చుట్టు చాలును” అని తాత పలికెను.

బాలుడు విసుగుతో, “ఢిల్లీ బండ్లు ఢిల్లీకి పోవును. నీ బండి గుండ్రముగా తిరుగుటయే గాని ఏ యూరికి పోయినది, తాతా?” అనెను.

తాత బదులు పలుకలేదు. ఆ మాట ఆయనకు క్రొత్తది కాదు. ఉద్యోగమున నున్నపుడు ఎన్నో రాత్రులు ఆయనయు తన్ను తానట్లే ప్రశ్నించుకొని యుండెను.

మరునాడు బాలుడే తలవంచుకొని వచ్చి, “నీ బండి ఎట్లు నడచునో చెప్పుము, తాతా” అని అడిగెను.

తాత పెన్సిలు తీసికొని గీయుచు చెప్పెను. రామగుండము థర్మల్ విద్యుత్కేంద్రమున మొదటి యూనిటు 1983లో పనిచేయ నారంభించినది. సింగరేణి గనుల బొగ్గును దానికి చేర్చుటకై ప్రత్యేక రైలుమార్గము కలదు. గనివద్ద ఎత్తైన తొట్టి క్రిందుగా బండి మెల్లగా సాగుచుండగనే వ్యాగనులు నిండును. కేంద్రమువద్ద వాని అడుగు తలుపులు తెరచుకొని బొగ్గు గోతిలోనికి జారును. ఇంజనును విప్పి మరల తగిలింపవలసిన పని లేదు. ఆంగ్లమున ఈ పద్ధతికి రంగులరాట్నపు పేరే పెట్టిరి.

“నేను ఏ యూరికిని పోలేదు, బిడ్డా. ఆ బొగ్గుతో పుట్టిన కరెంటు మాత్రము ఎన్నో యూళ్లకు పోయినది” అని తాత ముగించెను.

బాలుడు బల్లవద్దకు పోయి వంతెనను తీసెను, కోటను తీసెను. తన చేతులతో అట్టపై చేసిన కరీంనగరు స్టేషనును తీయునపుడు మాత్రము కొంతసేపు తటపటాయించెను. చివరకు దానిని అలమరలో భద్రపరచెను.

పిమ్మట ఇరువురును కూడి ఒకే చుట్టు మార్గమును వేసిరి. వంపుల వ్యాసార్ధము 25 సెంటీమీటర్లు. బల్ల అంచున జాగా మిగిలినది. బల్ల నడుమ పొడవుగా ఒక అట్టను నిలిపి, దాని రెండు కొనలయందు బండి దూరుటకు ద్వారములు కోసిరి. అట్టకు ఒక ప్రక్క గని, వేరొక ప్రక్క విద్యుత్కేంద్రము. రెంటిని ఒక్కమారు చూడ వీలులేదు. బండి కనుమరుగైనపుడు మనస్సే ఆ దూరమును కల్పించుకొనును. అన్నిటిని ఇరికించిననాడు ఇరుకుగా తోచిన బల్ల, కొన్నిటిని విడిచిననాడు విశాలమైనది.

కేంద్రపు పొగగొట్టము ప్రక్కన తాత చిన్న దీపము నమర్చి, అచటనే కుర్చీ వేసికొని కూర్చుండెను. బాలుడు గనివద్ద కూర్చుండి మీటను మెల్లగా త్రిప్పెను. ఇంజనును ఆరు వ్యాగనులును అట్ట వెనుకకు పోయి మరుగైనవి.

“బండి చేరినదా, తాతా?”

“చేరినది, బిడ్డా. బొగ్గు దించుచున్నాను. తొందరపడకుము.”