మెరుపు తగ్గితేనే... అసలు నలుపు!

హన్మకొండ నుంచి ములుగు దారిపట్టి, గూడెప్పాడ్ చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగితే పరకాల రోడ్డు. ఆ దారిలో ఎటు చూసినా నలుపే. పత్తిచేల కింద నల్లరేగడి. భూపాలపల్లి వైపు నుంచి వచ్చే లారీల్లో సింగరేణి బొగ్గు. వాన పడినప్పుడు తళతళలాడే రేగడి, ఎండ కాయగానే ఆ మెరుపంతా విడిచిపెట్టి నిండైన నలుపులోకి వచ్చేస్తుంది. పాతకారుకు మళ్లీ ప్రాణంపోసే పెయింటర్ తంటాలు పడేది సరిగ్గా ఆ రెండో నలుపు కోసమే!

ఒకప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో, ఇప్పటి హనుమకొండ జిల్లాలో ఉన్న పరకాలకు పాతను గుర్తుపెట్టుకోవడం కొత్తేమీ కాదు. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి కదిలివచ్చిన జనంమీద నిజాం పోలీసులు, రజాకార్లు విరుచుకుపడ్డారు. ఆ రోజు 22 మంది నేలకొరిగారని ఊరు చెప్పుకుంటుంది. వారి జ్ఞాపకంగా 2003లో ఇక్కడ అమరధామం వెలిసింది.

ఊరి జ్ఞాపకం అంత పెద్దది. ఇంటి జ్ఞాపకం చిన్నది. నాన్న నడిపిన అంబాసిడరో, తాతయ్య పొలానికి తీసుకెళ్లిన జీపో కావచ్చు. 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్తది ఇక రాదు కాబట్టే, షెడ్డులో మూలనపడిన పాతబండిని బాగుచేయించుకోవాలన్న కోరిక చాలా ఇళ్లలో ఉంటుంది. టింకరింగ్ అవుతుంది, లప్పం పెడతారు, రంగు వేస్తారు. తీరా బానెట్ ఎత్తి చూస్తే ఏదో తేడా! రేడియేటర్ చట్రం, బ్యాటరీ ట్రే, ఎయిర్ క్లీనర్ డబ్బా... అన్నీ అద్దంలా మెరిసిపోతుంటాయి. నాన్న కారులో ఆ భాగాలు అలా ఉండేవి కావు.

ఎందుకీ మెరుపు?

కంపెనీలో బయటి బాడీకి ఇచ్చిన నునుపు లోపలి భాగాలకు ఇచ్చేవారు కాదు. అక్కడ రంగు పని తుప్పును ఆపడం, అంతే. అందుకే అది సగం మెరుపుతో, ఒద్దికగా ఉండేది. ఇప్పుడు దొరికే పీయూ పెయింట్లు గన్‌తో కొట్టగానే సమంగా పరుచుకుని గాజులా గట్టిపడతాయి. ఉపరితలం నునుపుగా ఉంటే దానిమీద పడిన వెలుగు ఒకే దిక్కున తిరిగివస్తుంది. అదే మెరుపు. కంటికి కనిపించనంత సన్నటి గరుకుదనం ఉంటే వెలుగు నలుదిక్కులా చెదిరిపోతుంది. అదే మ్యాట్. దీన్ని కొలవడానికి గ్లాస్ మీటర్ అనే పరికరం ఉంది. మెరుగుపెట్టిన నల్లగాజు పలక మెరుపును 100గా తీసుకుని మిగతావాటిని లెక్కకడతారు. సగం మెరుపు నలుపు 20 - 40 మధ్య ఉంటే చూడటానికి బాగుంటుంది.

రుద్దాలా? కలపాలా?

మెరుపు తగ్గించడానికి రెండు దారులున్నాయి. మొదటిది రుద్దడం. రంగు పూర్తిగా ఆరి గట్టిపడ్డాక 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి తేలిగ్గా రుద్ది, ఆపైన సన్నరకం స్క్రబ్ ప్యాడ్‌తో ఒకే దిశలో లాగాలి. ఒకటి రెండు చిన్న భాగాలకైతే ఇది సరిపోతుంది. అంచుల దగ్గర మాత్రం జాగ్రత్త! అక్కడ రంగు పొర పల్చగా ఉంటుంది. నాలుగు రుద్దులు ఎక్కువైతే లోపలి ప్రైమర్ బయటపడుతుంది. తరచూ చేతులు తగిలేచోట కొన్నాళ్లకు మెరుపు మళ్లీ తిరిగొస్తుంది కూడా.

రెండోది, నమ్మకమైనది... రంగులోనే మ్యాటింగ్ పేస్టు కలపడం. అందులో సన్నటి సిలికా రేణువులుంటాయి. రంగు ఆరుతూ పొర కుంచించుకుపోయేకొద్దీ అవి పైభాగాన్ని సన్నగా గరుకు చేస్తాయి. రేణువులు డబ్బా అడుగుకు దిగిపోతాయి కాబట్టి బాగా కలిపి, వడగట్టి వాడాలి. ముందు ఓ పాత రేకుముక్క మీద కొట్టి, ఆరాక చూసుకోవాలి. తడిగా ఉన్నప్పుడు అంతా మెరుపే కనిపిస్తుంది, అది చూసి కంగారుపడి ఇంకాస్త పేస్టు కలిపితే పని చెడుతుంది. భాగాలన్నింటికీ ఒకే కలుపు, ఒకే మందం ఉండాలి. లేదంటే ఒకటి నల్లగా, పక్కది బూడిదరంగులో తేలతాయి. గన్‌ను దూరంగా పట్టి పొడిపొడిగా కొడితే మెరుపు తగ్గినట్టే ఉంటుంది గానీ ఆ గరుకులో దుమ్ము, నూనె పేరుకుపోతాయి. పీయూ రంగుల్లో కలిపే హార్డ్‌నర్ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు ఉండాల్సిందే.

పని అయ్యాక మైనం పాలిష్ జోలికి వెళ్లకూడదు. రుద్దినచోటల్లా మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లు చాలు.

శిల్పికి తెలిసిన కిటుకే

ఏది మెరవాలో, ఏది మెరవకూడదో తేల్చుకోవడం ఈ ప్రాంతానికి ఎప్పుడో తెలుసు. 1213 నాటి రామప్ప గుడినే చూడండి. గోడల ఇసుకరాయి మెరుపులేకుండా ఎర్రగా, నెమ్మదిగా ఉంటుంది. మదనికల నల్లరాయి మాత్రం ఎనిమిది వందల ఏళ్లు దాటినా నిగనిగలాడుతూనే ఉంటుంది. అన్నింటినీ మెరిపించే పనితనం ఉండీ శిల్పి అన్నింటినీ మెరిపించలేదు. అందుకే మన చూపు మదనికల మీదికే వెళుతుంది.

పాతకారు విషయంలోనూ అంతే. బయట బాడీ మెరవాలి, లోపలి నలుపు ఒదిగి ఉండాలి. అతిగా మెరిసే భాగం కొత్తగా వేసిన రంగు గురించి చెబుతుంది. సరిగ్గా తగ్గించిన నలుపు కారు గురించి చెబుతుంది. బానెట్ ఎత్తగానే 'అరె, నాన్న కారే!' అని ఇంట్లోవాళ్ల నోట మాట వస్తే... పెయింటర్ పడ్డ కష్టం ఫలించినట్టే!