లోకలేనా?

పాన్‌గల్ కోట దిగి వచ్చి చాయ్ తాగుతున్నాను. పక్కనున్న పెద్దమనిషి పేరడిగాడు, చెప్పాను.

"లోకలేనా?"

"వనపర్తే."

"గది కాదు సాబ్, అసలు యాడికెళ్లి వచ్చిన్రు?"

గొంతులో కోపమేమీ లేదు. కోపముంటే జవాబు చెప్పడం సులువయ్యేది.

లాటిన్‌లో లోకస్ అంటే చోటు. దాంట్లోంచే ఇంగ్లీషు లోకల్. మన 'లోకం'కు చుట్టంలా వినిపిస్తుంది గానీ కాదు. మా ఇంట్లో దీనికి పాత మాట ముల్కీ. ముల్క్ అంటే రాజ్యం. మాలిక్ పుట్టిందీ ఆ ధాతువులోంచే. 1919 నిజాం ఫర్మానా ప్రకారం బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్లు ఇక్కడుండాలి, వచ్చిన చోటికి తిరిగి పోయే ఆలోచన వదిలేశానని ప్రమాణం చెయ్యాలి. మా తాతకు ఆ ప్రమాణంతో పని పడలేదు, ఇక్కడే పుట్టాడు. ఆయన ముల్కీ కాయితం అబ్బా ట్రంకుపెట్టెలో ఉండేది. నా కాలానికి 1975 రాష్ట్రపతి ఉత్తర్వు అమల్లో ఉంది. ఎక్కడ చదివానో బడి సర్టిఫికెట్ చెప్పింది. ఇద్దరం పాసయ్యాం.

అదే మాట కిరాణా కొట్లో దిగజారుతుంది. లోకల్ మాల్ అంటే పేరులేని చౌక సరుకు. ఆఫీసులో హక్కు, అంగట్లో నాసిరకం! నన్నడిగినప్పుడు ఏ అర్థమో నాకిప్పటికీ తేలదు. వెనక కోటలో తెలుగు శాసనాలున్నాయి, ఫార్సీదీ ఉంది.

"మా తాత ఖబర్ ఈడనే ఉన్నది" అన్నాను.

"తాతది సరే. ఆయన తాతది?"

ఇద్దరి చాయ్ పైసలూ నేనే ఇచ్చాను.