ఒక్క భుజముపై కావడి



తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ విననివారు మనలో నుండరు. వాల్మీకి రామాయణమున ఆ మునికుమారునకు పేరును లేదు, కావడియు లేదు. అంధులైన తల్లిదండ్రులు ఆశ్రమమున నుండగా అతడు నీటికై పోయి దశరథుని బాణమునకు గురియయ్యెను. కావడి జనులు పిమ్మట చేర్చుకొన్నది. ఏ తీరున చెప్పుకొన్నను అందలి యథార్థ మొక్కటియే: ఇద్దరు వృద్ధుల బ్రతుకు ఒక్క కుమారుని భుజముపై నాధారపడి యుండెను; ఆ భుజము కూలిన నాడు వారికి దాహమిచ్చు దిక్కును లేకపోయెను. పుత్రభక్తిని కొనియాడుటకే మన మీ కథను చెప్పుకొందుము గాని, ఆ వనమున మరి నలుగురు చేయి వేసియుండిన నేమగునని అడుగము. నేడు నే నడుగదలచినది ఆ ప్రశ్నయే.

మా పల్లె గురజాల ప్రాంతమున నున్నది. మావారు పొరుగూరి బడిలో ఉపాధ్యాయులు. మా వైపు మిరప, ప్రత్తి విస్తారముగ పండును. మిరపకోతలు వచ్చినవా, తెల్లవారక మునుపే ఆటోలు వీధి మొగమున నిలుచును. స్త్రీలు చద్దిమూటలతో నెక్కి పోవుదురు. బిడ్డలు బడికి పోయిన పిదప ప్రొద్దు క్రుంకువరకు ఊరిలో మిగులువారు వృద్ధులే. ఎండకు పేరుమోసిన రెంటచింతల మాకు దూరము కాదు. కోతలు ముగియు నాటికి ఆ యెండ యెట్టిదో పల్నాటి వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

గడచిన చైత్రమున మా వెనుక వీధిలో ఒక యింటి తలుపునకు వెలుపల తాళము వేసియుండగా, లోపలినుండి దగ్గు వినవచ్చెను. ఎనుబదేండ్ల అవ్వ. జ్ఞప్తి తప్పి రెండు మారులు కాలువగట్టు వరకు నడచిపోయినదట. అందుచే కోడలు చెంబెడు నీరు, గిన్నెడు అన్నము దగ్గర నుంచి, తాళము వేసి కూలికి పోవుచుండెను. పైని రేకుల కప్పు. కిటికీలోనుండి నే నందించిన మజ్జిగ త్రాగి ఆమె నన్నడిగిన దొక్కటియే: "పొద్దు గూకిందా తల్లీ?" అప్పటికి పదునొకండు గంటలైనను కాలేదు.

కోడలిని నిందించుట సులభము. ఊరిలో కొందరు నిందించిరి కూడ. సాయంకాలమున నేనామెతో మాటాడితిని. "ఇంట్లో కూచుంటే అప్పు తీరదు. చేలోకి తీసకపోతే ఎండకు నిలవదు. నన్నేం చేయమంటారు అమ్మగారూ?" అనెను. నాకు బదులు తోచలేదు. ఆమె చిన్నబిడ్డ అంగన్‌వాడీలో నుండును. 1975 అక్టోబరు 2న దేశమున మొదలైన ఆ యేర్పాటు నేడు ఊరూర గలదు. బిడ్డను విడుచుటకు చోటు గలదు. అత్తను విడుచుటకు తాళము దక్క వేరొకటి లేదు.

ప్రభుత్వము వృద్ధులకేమియు చేయలేదనుట ధర్మము కాదు. 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4000 రూపాయలు. అది యింటికడకే వచ్చుచున్నది. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణ ముచితము. వైద్యుడే పల్లెకు వచ్చు పద్ధతి 2023 ఏప్రిల్ 6న మన జిల్లాలోని లింగంగుంట్లలోనే ఆరంభింపబడెను. ఇవి యన్నియు మేలే. ఐనను వాకిటికిని బస్సునకును నడుమ కొంత దూరము మిగిలి యున్నది. మా అత్తగారికి కంట శుక్లము, మోకాళ్ళ నొప్పి. నరసరావుపేటకు పోయి శస్త్రచికిత్స చేయించుకొనవలసి యుండెను. బస్సు నిలుచు చోటికి మైలు నడక. ఎక్కు మెట్టు మోకాలెత్తు. "టిక్కెట్టు తీసేసిన పుణ్యాత్ములు ఆ మెట్టు కూడా తీసేస్తే బాగుండునే అమ్మాయ్!" అని నవ్వెడివారు. నవ్వుచునే మూడు నెలలు గడపిరి. అంతలో రెండవ కంటను గూడ చూపు మందగించెను.

కూలీలను చేలలో దింపిన ఆటోలు సాయంకాలము వరకు చెట్టునీడన ఊరక నిలుచును. ఈ సంగతి మావారికి తోచెను. ఒక ఆటో యజమానిని బ్రతిమాలి యొప్పించితిమి. వారమున కొక దినము ఆరుగురు వృద్ధులను ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి తెచ్చుట. చమురు ఖర్చును ఆరిండ్లవారు పంచుకొనుట. ఎక్కుటకు మా యింటి చెక్కపీట నిచ్చితిమి. అత్తగారి కన్ను బాగైనది. మిగిలిన దినములలో ఆ యాటోయే వెనుక వీధి అవ్వను, మరి ముగ్గురిని ఉదయమున మా వసారాకు చేర్చి, సాయంకాలము కోడండ్రు వచ్చువేళకు ఇండ్లకు చేర్చును. మజ్జిగ, మధ్యాహ్నము అన్నము, కాసేపు ముచ్చట్లు. అంతకు మించి గొప్ప యేర్పాటేమియు లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చెను. ఎవరి ప్రక్కన నెవరు కూర్చుండవలయునన్నది మొదటిది. అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడు మన పల్నాటివాడే. ఆ వీరుల పేర కారెంపూడిలో ఉత్సవము చేయు మనము, ముసలివారి చాప దగ్గర కులమెంచుట తగునా? ఇది వృద్ధాశ్రమము వంటిదే యన్నది రెండవది. ఎంతమాత్రము కాదు. ఆశ్రమమునకు పోయినవారు ఇల్లు విడుతురు. పగటి నెలవునకు వచ్చినవారు దీపము వేళకు తమ మంచము మీదనే యుందురు. కొడుకు ఋణమును ఇది మాన్పదు. కొడుకు లేని గంటలను మాత్రమే నింపును.

కాని సోదరీమణులారా, వసారాతో సరిపోదు. నాకు జ్వరము వచ్చిన నాలుగు దినములు ఆ యింటి తలుపునకు మరల తాళము పడెను. కొడుకు భుజము మీది బరువు నా భుజము మీదికి వచ్చినదే గాని నలుగురి మీదికి పోలేదని నాకపుడు తెలిసినది. 2007లో చేసిన వృద్ధుల సంరక్షణ చట్టము, నిరుపేదలైన వృద్ధులకై జిల్లాకొకటైనను, నూటయేబదిమందికి చాలు వసతిగృహమును రాష్ట్రప్రభుత్వము నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మన పల్నాడు జిల్లాలో 28 మండలములు గలవు. వీనిలోని వృద్ధులలో పెక్కుమందికి కావలసినది వేరొక యిల్లు కాదు. పగటి నీడ, ఎక్కగలిగిన బండి. కేరళమున గ్రామ పంచాయతీలు 'పకల్ వీడు' అను పేర పగటి యిండ్లను నడుపుచున్నవి. జపాను దేశమున 2000 సంవత్సరమునుండి అమలునకు వచ్చిన సంరక్షణ బీమాలో, వృద్ధులను బండిలో తీసికొనిపోయి సాయంకాలమున ఇల్లు చేర్చు పగటి సేవయు చేరియున్నది. మన మడుగునది అంతటిది కాదు: ఒక గది, ఒక ఆయా, వారమునకు కొన్ని దినములు ఆటో బాడుగ, ఎక్కుటకొక పీట.

గ్రామసభలో స్త్రీలు నోరు విప్పిన గాని ఇది జరుగదు; ఏలయన పగటి పూట తాళము వేయవలసి వచ్చునది మనమే, రేపు ఆ తలుపు లోపల నుండునదియు మనమే. కోతలు మరల వచ్చును. అంతలోపల మీ వీధులు తిరిగి, వెలుపల తాళమును లోపల మనిషియు నున్న యిండ్లెన్నియో లెక్కించి, కాగితముపై వ్రాసి పంచాయతీవారి ముందుంచుడు. మా యూరి లెక్క మేము వ్రాసి యిచ్చితిమి. ఏడిండ్లు.