నొప్పి అంచు ఎక్కడుంది?

మా అమ్మాయికి తలనొప్పులు ఐదో తరగతిలో మొదలయ్యాయి. బడి నుంచి రాగానే బ్యాగు గుమ్మంలో పడేసి, కర్టెన్లు లాగేసి, కళ్ల మీద తడి తువ్వాలు వేసుకుని పడుకునేది. ఒక వాంతి అయ్యాక నిద్ర పట్టేది. లేచేసరికి ఏమీ జరగనట్టు అన్నం పెట్టమనేది. ఇంటి వైద్యాలకి కొదవ లేదు. మా అత్తగారు శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేవారు, చీకటి పడ్డాక ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేవారు. బడి ఎగ్గొట్టడానికి నాటకం అన్న బంధువులూ ఉన్నారు. ఆదివారం వచ్చే నొప్పికి ఆ మాట ఎలా అతుకుతుందో వాళ్లకే తెలియాలి.

హైదరాబాదులో పిల్లల నరాల డాక్టరుకి చూపించాం. ఆవిడ చిన్న లైటుతో కళ్లలోకి చూశారు, గచ్చు మీద గీత వెంబడి అడుగులో అడుగు వేయించారు. నొప్పితో నిద్రలోంచి లేస్తోందా, పొద్దున్నే వాంతులవుతున్నాయా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, నడిస్తే తూలుతోందా అని అడిగారు. అన్నిటికీ లేదన్నాం. మైగ్రేన్ అని తేల్చారు. పార్శ్వనొప్పి ఒక పక్కే కదా రావాలని మావారు అడిగితే, పిల్లలకి తరచు నుదురంతా వస్తుందన్నారు.

రోజూ వేసే మాత్ర రాస్తారనుకున్నాం. ఆవిడ 2017లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్ష సంగతి చెప్పారు. 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో కొందరికి అమిట్రిప్టిలిన్, కొందరికి టోపిరమేట్, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 61 శాతం మందికి నొప్పి వచ్చే రోజులు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గాయి. మందులు దాన్ని మించలేదు. "నొప్పి మొదలవగానే ఐబుప్రొఫెన్ ఇవ్వండి. నెలలో సగం రోజులు వేశారంటే మాత్ర వల్లే తలనొప్పి వస్తుంది" అని హెచ్చరించి, ఒక నోటుబుక్కు రాయమన్నారు. కౌన్సెలర్ దగ్గరికీ పంపారు.

నోటుబుక్కు అమ్మాయే రాసేది: నొప్పి ఎప్పుడొచ్చింది, ఏం తింది, ఎప్పుడు పడుకుంది. కొన్నాళ్లకి ఒక సంగతి బయటపడింది. నొప్పి వచ్చిన రోజుల్లో నీళ్ల బాటిలు తీసుకెళ్లింది తీసుకెళ్లినట్టే ఇంటికొచ్చేది. "తాగితే బాత్రూముకెళ్లాలి కదమ్మా" అంది. బడివాళ్లనడిగితే రోజూ కడిగిస్తున్నామన్నారు. నేను వెళ్లి చూశాను. తలుపుకి గొళ్లెం లేదు, కుళాయిలో నీళ్లు లేవు.

కౌన్సెలర్ ధ్యానం అన్న మాటే ఎత్తలేదు. ముక్కు దగ్గర గాలి చల్లగా లోపలికెళ్లి వెచ్చగా బయటికి రావడం గమనించమన్నారు. కాసేపటికే మా పిల్ల కళ్లు తెరిచి, "ఇలా చూస్తుంటే నొప్పి ఇంకా బాగా తెలుస్తోంది" అంది విసుగ్గా. "సరే, నొప్పినే చూడమ్మా. ఎంత ఉంది? అంచు ఎక్కడుంది?" అన్నారావిడ. కనుబొమ పైన వేలు పెట్టి, "పది రూపాయల బిళ్లంత" అంది. కాస్త ఆగి, "పక్కకి జరిగింది" అంది ఆశ్చర్యంగా.

మాకూ ఒక పని పెట్టారు. సాయంత్రం రాగానే తలనొప్పిగా ఉందా అని అడగకూడదు. అది మా అత్తగారికి పెద్ద పరీక్షే అయింది. ప్రశ్న నోటిదాకా వచ్చాక, "ఏం తిన్నావే?" అని తిప్పేసేవారు.

నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళ్లొచ్చే మా ఎదురింటి మాస్టారు మరో కథ చెప్పారు. బర్మాలో వ్యాపారం చేసుకునే గోయెంకా గారికి మార్ఫిన్ ఇంజెక్షన్లు పడితేగాని తగ్గని మైగ్రేన్ ఉండేది. 1955లో ఆయన ధ్యానం నేర్పే సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళితే, తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దన్నారట గురువు. "మరి నేను చేసేది దానికేగా!" అని నవ్వింది మా అమ్మాయి.

ఇలా ఊపిరిని గమనించడాన్ని నేను మందు అనను. పిల్లల తలనొప్పుల మీద ఇది ఎంత పనిచేస్తుందో చూసిన పరీక్షలు చిన్నవే. మా ఇంట్లో నేను చూసింది చెప్తాను. నొప్పి రావడం మానలేదు. రాగానే ఊపిరి బిగబట్టి ఏడవడం మాత్రం అమ్మాయి మానేసింది. మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, గోడకి ఆనుకుని కూర్చునేది. బడి మానే రోజులు బాగా తగ్గాయి. అందులో ఊపిరికెంత వాటా, నిద్రకీ నీళ్లకీ పొద్దుటి టిఫినుకీ ఎంత వాటా అంటే విడదీసి చెప్పలేను.

ఇప్పుడు కొన్ని బళ్లలో ప్రార్థన కాగానే పిల్లల చేత ధ్యానం చేయిస్తున్నారు. మంచిదే. ఆ హెడ్‌మాస్టర్లకి నా మనవి ఒకటుంది: ఆడపిల్లల బాత్రూముకి గొళ్లెం పెట్టించండి, కుళాయిలో నీళ్లు వచ్చేలా చూడండి.