బందరు రోడ్డు మీద సముద్రం

విజయవాడకి సముద్రం లేదు. ఊరి మధ్యలోంచి పోయే పెద్ద రోడ్డుకి మాత్రం ఒక రేవు పేరుంది. బోర్డుల మీద మహాత్మాగాంధీ రోడ్డు అని రాసినా ఆటోవాళ్లకీ మాకూ అది బందరు రోడ్డే. దాన్ని పట్టుకుని డెబ్బై కిలోమీటర్లు వెళ్తే మచిలీపట్నం. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. 1759లో ఫ్రెంచివాళ్ల చేతిలోంచి ఇంగ్లీషువాళ్లు అక్కడి కోటని లాక్కున్నారు. పరాయి ఓడలు మా తీరానికి రావడం కొత్త కాదు. అవి ఎవరి పని మీద వచ్చాయో అడగడమూ కొత్త కాదు.

ఆ ప్రశ్న నేను మొదటిసారి విన్నది 2007 సెప్టెంబర్‌లో, ఇంటర్ చదివే రోజుల్లో. బంగాళాఖాతంలో మలబార్ విన్యాసాలు జరుగుతున్నాయి. 1992లో భారత్, అమెరికా రెండే కలిసి మొదలుపెట్టిన వాటిలో ఆ ఏడాది జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ కూడా చేరాయి. విమానవాహక నౌకలే మూడు: అమెరికావి నిమిట్జ్, కిటీ హాక్, మనది విరాట్. అప్పటికే అణు ఒప్పందం మీద కేంద్రంతో తగువు పడుతున్న వామపక్షాలు కోల్‌కతా నుంచి ఒకటి, చెన్నై నుంచి ఒకటి విశాఖకి జాతాలు నడిపాయి. ఎర్రజెండాల ఊరు కదా మాది, టీకొట్ల దగ్గర అదే మాట. "వాళ్ల ఓడలకి మన సముద్రంలో ఏం పని?" అని ఒకాయన అంటే, "రేపు చైనావాడొస్తే నువ్వాపుతావా?" అని ఇంకొకాయన.

ఆ తర్వాత ఆస్ట్రేలియా పక్కకి తప్పుకుంది. మళ్లీ మలబార్‌కి వచ్చింది 2020 నవంబర్‌లో. మొదటి దశ విశాఖ దగ్గరే. కరోనా వల్ల ఒకరి ఓడ ఒకరు ఎక్కకుండా అంతా సముద్రం మీదే ముగించారు. మా టీకొట్ల దగ్గర ఆ ఊసే వినపడలేదు.

ఇప్పుడు క్వాడ్ అంటున్న ఈ నాలుగు దేశాలు మొదట ఒకచోట చేరింది 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, సహాయాన్ని సర్దుబాటు చేసుకోడానికి. మన తీరం దెబ్బతిని ఉండగానే మన నౌకాదళం శ్రీలంకకి, మాల్దీవులకి, ఇండోనేషియాకి ఓడలు పంపింది. కొద్ది రోజుల్లోనే ఆ బృందం రద్దయినా, కలిసి పనిచేసిన అనుభవం మిగిలింది.

అందుకే నాకు మలబార్ కన్నా టైగర్ ట్రయంఫ్ మీద ఎక్కువ ఆసక్తి. 2019 నవంబర్‌లో భారత్, అమెరికాల త్రివిధ దళాలు విశాఖలో, కాకినాడలో కలిసి చేసిన విన్యాసం అది. విషయం విపత్తు సహాయం. ఓడలోంచి మనుషుల్ని, వాహనాల్ని, సామానుని ఒడ్డుకి ఎలా దించాలన్నది. అందులో పాల్గొన్న జలాశ్వ కథే చూడండి. ఒకప్పుడు అది అమెరికా నౌకాదళంలో ట్రెంటన్. శత్రువు ఒడ్డున సైనికుల్ని దించడానికి కట్టిన ఓడ. 2007లో మన నౌకాదళంలో చేరింది. 2020 మేలో మాల్దీవుల్లో చిక్కుకున్న మనవాళ్లని కొచ్చికి తెచ్చింది కూడా అదే. తుపాకులు దిగే తలుపులోంచే బియ్యం బస్తాలూ దిగుతాయి. ఆ తలుపు ఏ రోజు దేనికోసం తెరుస్తారో అడుగుతూనే ఉండాలి. ఆ విషయంలో టీకొట్టు దగ్గరి మొదటాయనదీ న్యాయమైన ప్రశ్నే.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చేసింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మేం డాబా మీదున్నాం: నేను, అమ్మ, కింది వాటావాళ్లు. పైన హెలికాప్టర్లు. విశాఖ నుంచి నేవీవి కూడా వచ్చాయని ఫోన్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపు చదివాను. జారవిడిచిన పొట్లాల్లో ఒకటి మా నీళ్ల ట్యాంకు మీద పడి పగిలింది, ఇంకోటి పక్క డాబా మీద పడింది. మా సందులోకి పెద్ద పడవ తిరగదు.

అమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి పన్నెండేళ్లది. పదివేల మంది పోయారని లెక్క చెప్పే ఉప్పెన. "అప్పుడు మూడో రోజుకి గానీ మాకు పైమనిషి మొహం కనపళ్లేదురా. వీళ్లు నయం" అంది పైకి చూస్తూ. నాకున్న కోపం ఆవిడకి లేదు.

చివరికి మమ్మల్ని దించింది ఒక నాటుపడవ. నాగాయలంక వైపు నుంచి లారీ మీద తెచ్చారట. పడవాయన గెడ వేస్తూ మాట్లాడాడు. 2008 ముంబై దాడుల తర్వాత తీరమంతా కాపలా పెరిగింది. గిలకలదిండిలో, పాలకాయతిప్పలో మెరైన్ పోలీసులున్నారు. సాగర్ కవచ్ అని ఒక డ్రిల్లు జరుగుతుంది. కొందరు చొరబాటుదారుల్లా ఒడ్డుకి రావాలని చూస్తారు, నేవీ, కోస్ట్‌గార్డ్, పోలీసులు కలిసి వాళ్లని పట్టుకోవాలి.

"అప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగాను.

"ఏం చేస్తాం బాబూ, కార్డు చూపిస్తాం. కొత్త పడవ కనపడితే ఫోన్ చెయ్యమంటారు."

"ఇట్లా జనాన్ని దించేది నేర్పుతారా?"

"ఇది మాకు నేర్పేదేంటి!" అని నవ్వాడు. "ఏ సందులో ఎవరున్నారో చెప్పేవోడుంటే చాలు. పొద్దుటి నుంచీ అడుగుతున్నా, చెప్పేవోళ్లే లేరు."

ఆ మాట నన్ను వదల్లేదు. మన పేపర్లు విన్యాసాలు అని రాస్తాయి. ఆ మాటకి సర్కసూ గారడీ గుర్తొస్తాయి, ఫొటోలు కూడా అట్లాగే ఉంటాయి. నిజానికి అక్కడ జరిగేదాంట్లో చాలా భాగం పడవాయన అడిగిన పనే. వేరే భాష, వేరే రేడియో, వేరే పద్ధతి ఉన్న రెండు దళాలు ఎవరెక్కడున్నారో, ఎవరెక్కడికి వెళ్లాలో ఒకరికొకరు చెప్పుకోడం. టైగర్ ట్రయంఫ్ 2024 మార్చిలోనూ, 2025 ఏప్రిల్‌లోనూ మళ్లీ జరిగింది. అమెరికా మెరీన్‌కీ మన జవానుకీ మధ్య అన్ని రోజులు కష్టపడి కుదుర్చుకునే ఆ మాట, నేవీ హెలికాప్టర్‌కీ నాగాయలంక పడవకీ మధ్య కూడా కుదరాలి. ఆ తీరం రక్షణశాఖకి తెలియనిదేం కాదు. నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన కూడా అయింది. డ్రిల్లు రోజున కార్డు చూపించే మనిషికి, కాపాడే మనిషిగా కూడా అందులో ఒక పని ఇవ్వాలి. సముద్రభద్రత అనే మాటలో మా సందు కూడా ఉంటేనే నాకది పూర్తి మాట.

దిగేటప్పుడు పడవాయన ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాను. నీళ్లు తీసి ఇల్లు కడుక్కున్నాక అమ్మ దాన్ని ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, డాబా మెట్ల తలుపుకి లోపలివైపు అంటించింది.