బొమ్మ ఇంజన్ కోసం ఆర్నెల్లు కొట్లాడిన నేను, పవర్ వీడర్ కోసం ఒక్క కాయితం రాయలేదు



ఈసారి పత్తి గురించి కాదు, మిరప తోటలో తామర పురుగుల గురించీ కాదు. నేను చేసిన ఒక పిచ్చి పని గురించి రాస్తున్నా. నవ్వొస్తే నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి. మీ షెడ్డులో మూలకు పడి ఉన్న వస్తువు సంగతి కూడా ఇందులో ఉంది.

నేను 34,500 రూపాయలు పెట్టి ఒక బొమ్మ రైలింజన్ కొన్నాను.

అవును, బొమ్మే. జానెడు కంటే కొంచెం పొడుగు ఉంటుంది. నాకు మనవళ్ళు ఇంకా లేరు. కాబట్టి మనవడి పేరు చెప్పి తప్పించుకోవడానికి కూడా లేదు. నా కోసమే కొనుక్కున్నా.

మా ఊరు డోర్నకల్ జంక్షన్‌కు దగ్గర. చిన్నప్పుడు రైలుకట్ట పక్కన బర్రెలు కాసేవాణ్ని. అప్పట్లో సికింద్రాబాద్, విజయవాడ మధ్య గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌ను బొగ్గింజనే లాగేది. దేశంలో ఆవిరి ఇంజన్ బళ్ళలో అదే వేగమైనదని పేరు. ఆ ఇంజన్‌ను డబ్ల్యూపీ అంటారు. ముందు ముక్కు గుండ్రంగా ఉండి, దాని మీద నక్షత్రం బొమ్మ ఉండేది. మా నాన్నకు చేతి గడియారం లేదు. "గోల్కొండ పోయింది, ఎడ్లను ఇప్పు" అనేవాడు. ఆ బండే మా ఇంటి గడియారం. తర్వాత డీజిల్ వచ్చింది, కరెంటు ఇంజన్లు వచ్చినయి, నాన్న పోయాడు. ఆ ఇంజన్ చప్పుడు మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

ఇలాంటి బొమ్మ ఇంజన్లు ఉంటాయని ఫోన్‌లో వీడియోలు చూస్తే తెలిసింది. హెచ్‌ఓ సైజు అంటారు. అసలు ఇంజన్‌లో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. లెక్క వేసి చూడండి: విదేశాల్లో ఎక్కువగా ఉండే 1435 మిల్లీమీటర్ల గేజ్‌ను 87తో భాగిస్తే సరిగ్గా అదే వస్తుంది. మన బ్రాడ్ గేజ్ 1676. దాన్ని భాగిస్తే 19 దాటుతుంది. అంటే మన ఇంజన్ బొమ్మ చేసి ఆ పట్టాల మీద పెడితే చక్రాలు దగ్గరికి జరపక తప్పదు. నాకు గోల్కొండ ఇంజన్ అచ్చంగా దొరకలేదు. అదే చక్రాల వరుస, అంటే ముందు చిన్నవి నాలుగు, మధ్యలో పెద్దవి ఆరు, వెనక రెండు ఉన్న విదేశీ ఇంజన్ దొరికింది. వేరే రాష్ట్రంలోని ఒక కొట్టువాళ్ళు తెప్పించి అమ్ముతారు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. ధర అంత ఉండటానికి అదీ ఒక కారణం.

గట్టు మీద జామాయిల్ అమ్మిన డబ్బులు ఉంటే 2024 జనవరిలో కొన్నాను. ఇంట్లో మాత్రం ఎనిమిది వేలు అని చెప్పాను. ఆ అబద్ధం సంగతి ముందుకు వస్తుంది.

పెట్టె వచ్చింది. నడవలో మంచం జరిపి నేల మీద పట్టాలు గుండ్రంగా వేశాను. దీనికి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది, 12 వోల్టుల డీసీ. రెండు పట్టాలు రెండు వైర్లన్న మాట. చక్రాలే కరెంటు అందుకుని లోపలి మోటారుకు ఇస్తాయి. రెగ్యులేటర్ తిప్పితే వేగం, వైర్లు తారుమారు చేస్తే వెనక్కు. తిప్పాను. కదిలింది. పక్కన కడ్డీలు ముందుకూ వెనక్కూ ఆడుతుంటే, అబద్ధం ఎందుకు, నాకు కళ్ళనీళ్ళు వచ్చినయి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "బాగనే ఉన్నదిలే" అన్నది.

నాలుగో రోజుకు నడక మారింది. కుంటి ఎద్దులాగా తడబడుతూ పోవడం మొదలుపెట్టింది. వంపు దగ్గర పట్టా కూడా తప్పుతోంది. ఐదో రోజు కొట్టువాళ్ళకు మెసేజ్ పెట్టాను. "మీ వంపు చిన్నది సార్, ఇంజన్‌లో లోపం లేదు" అని జవాబు.

వాళ్ళు చెప్పినదాంట్లో సగం నిజం. పెట్టెలో ఉన్న కాయితం మీద వంపుకు కనీసం 22 అంగుళాల అర్ధవ్యాసం ఉండాలని రాసి ఉంది. నేను వేసింది 18. పట్టా తప్పడం నా తప్పే. చదవకుండా వేశాను. కానీ తిన్నని పట్టా మీద కూడా కుంటుతోంది కదా? దానికి వంపుతో ఏం సంబంధం?

అప్పుడు నేను చేసిన పని మీకు పనికొస్తుందని చెబుతున్నా. పెద్ద చక్రం అంచున సుద్దతో చుక్క పెట్టాను. తిన్నని పట్టా మీద మెల్లగా నడిపించి ఫోన్‌లో వీడియో తీశాను. చుక్క కిందికి వచ్చిన ప్రతిసారీ ఒక తడబాటు. చక్రం ఒక్క తిరుగుడుకు ఒక్కసారి, అదీ ఒకే చోట. అంటే లోపం మోటారులో లేదు, కరెంటులో లేదు, ఆ ఇరుసు మీదే ఉంది. నూనె వేయడానికి కింది మూత తీయవచ్చని కాయితంలోనే ఉంది కాబట్టి తీసి చూశాను. ఇనుప ఇరుసు మీద బిగించిన ప్లాస్టిక్ పళ్ళచక్రం వెంట్రుక మందాన పగిలి ఉంది. పగులు దగ్గర రెండు పళ్ళ మధ్య సందు పెరిగింది. అందుకే అక్కడికి రాగానే తడబాటు. ఈ రకం ఇంజన్లలో ఇది తెలిసిన జబ్బేనట.

ఫోటో పంపాను. "ఏడు రోజులు దాటాయి" అన్నారు. ఐదో రోజు పెట్టిన మెసేజ్ తేదీతో సహా చూపించాను. "మూత మీరు తీశారు" అన్నారు. కాయితంలో ఆ పేజీ ఫోటో పంపాను. ఇక జవాబు లేదు. నేను ఊరుకోలేదు. మా మేనల్లుడితో ఇంగ్లీషులో రాయించి, తయారు చేసిన కంపెనీకే మెయిల్ పెట్టాను. వారం వారం గుర్తు చేశాను. చివరికి వాళ్ళు బిల్లు, సీరియల్ నంబరు, వీడియో అడిగారు.

బిల్లు కాపీ తీయడానికి బయట పెట్టినప్పుడు మా ఆవిడ చూసింది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, అంకెలు బాగా వచ్చు. ఏమీ అనలేదు. రెండు రోజులు మాట్లాడలేదు.

జూలైలో పొట్లం వచ్చింది. పళ్ళచక్రం ఒక్కటే కాకుండా, చక్రాలు బిగించిన ఇరుసు మొత్తం పంపారు. ఎందుకంటే ఆవిరి ఇంజన్ ఇరుసు మీద ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ పావు తిరుగుడు తేడా ఉండాలి. ఆ తేడా చెడితే కడ్డీలు పట్టేస్తాయి. ఇంట్లో సుత్తితో కొట్టి బిగించే పని కాదది. ఖమ్మంలో గడియారాలు బాగు చేసే ఒక పెద్దాయన గంటలో మార్చి ఇచ్చాడు. ఇంజన్ నడిచింది. ఆ రాత్రి ఆర్నెల్ల పోరాటం గెలిచానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను.

మా ఆవిడ అప్పుడు అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా.

"బొమ్మ కోసం ఆర్నెల్లు కొట్లాడినవ్. మరి షెడ్డుల పడున్న మిషన్ కోసం ఒక్క కాయితం రాసినవా? నా మోకాళ్ళు అరిగినయ్ కదయ్యా."

నాకు నోట మాట రాలేదు.

షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నది పవర్ వీడర్. 2023 జూన్‌లో 62 వేలు పెట్టి కొన్నాను. పత్తి సాళ్ళలో ఇరవై రోజులు కూడా నడవలేదు, గేర్‌బాక్స్‌లో గరగర మొదలై, ఆయిల్ కారి, ఆగిపోయింది. డీలర్‌కు ఫోన్ చేస్తే "మీ నేల గట్టిది" అన్నాడు, "ఆయిల్ సరిగ్గా పోయలేదు" అన్నాడు, "మెకానిక్ వస్తాడు" అన్నాడు. మెకానిక్ రాలేదు. నేను రెండుసార్లు తిరిగి, మన రాత ఇంతే అనుకుని టార్పాలిన్ కప్పాను. ఆ ఏడాది కూలీలు దొరక్క నాలుగెకరాల పత్తిలో సగం కలుపు మా ఆవిడే తీసింది. వానలో వంగి, నెలన్నర.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 34 వేల బొమ్మ మీద అంత పట్టుదల, 62 వేల మిషన్ మీద ఎందుకు లేదు? ఆలోచిస్తే ఒకటే జవాబు దొరికింది. బొమ్మ కొన్నప్పుడు నన్ను నేను కొనుగోలుదారు అనుకున్నాను. డబ్బు ఇచ్చాను, వస్తువు సరిగ్గా ఉండాలి అనుకున్నాను. వ్యవసాయం సామాను కొన్నప్పుడు మాత్రం నేను రైతును. నకిలీ విత్తనం, మొలవని విత్తనం, పనిచేయని మందు, తరుగు తీసే కాంటా, వీటన్నింటికీ అలవాటు పడ్డాను. మోసపోవడం కూడా సాగు ఖర్చులో ఒక పద్దు అయిపోయింది. నేను నష్టం అనుకుని దులిపేసుకున్న దాన్ని ఇంకొకరు మోకాళ్ళతో కట్టారు.

తెల్లారి బీరువాలో వీడర్ బిల్లు వెతికాను. ఏడాది వారంటీ అప్పటికే అయిపోయింది. కానీ ఫోన్‌లో వెనక్కి పోయి చూస్తే, 2023 జూలైలో డీలర్‌కు పెట్టిన వాయిస్ మెసేజ్, గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ కారుతున్న ఫోటో ఇంకా ఉన్నాయి. అంటే వారంటీ ఉన్నప్పుడే చెప్పాను. అదే నా చేతిలో ఆయుధం అయింది.

బొమ్మకు చేసిన పనే దీనికీ చేశాను. మొదట నా తప్పు ఏదైనా ఉందా అని చూసుకున్నాను. ఆయిల్ కాయితంలో చెప్పిన రకమే, చెప్పిన కొలతే పోశాను, కొన్న రశీదు ఉంది. తర్వాత జరిగింది తేదీల వారీగా ఒక పేజీలో రాసి, డీలర్‌కు ఒకటి, కంపెనీకి ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపాను. పదిహేను రోజుల్లో బాగు చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతానని రాశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

అక్టోబరులో కంపెనీ మనిషి ఇంటికే వచ్చి కొత్త గేర్‌బాక్స్ ఉచితంగా వేసిపోయాడు. కలుపుకు పెట్టిన కూలి డబ్బులు మాత్రం రాలేదు. ఏడాది ఆలస్యంగా అడిగినందుకు నేను కట్టుకున్న జరిమానా అది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి కూడా పోలేదు. దానికి ఏ వారంటీ లేదు.

ఇక మీ కోసం నాలుగు మాటలు. ఇవన్నీ నేను దెబ్బ తిని నేర్చుకున్నవే.

ఒకటి. "రైతు వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడు కాడు" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మొద్దు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువు వాణిజ్యం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది.

రెండు. ఫిర్యాదు మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. కంపెనీ ఎక్కడున్నా పర్వాలేదు. వస్తువుకు ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు మాత్రం సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ళు.

మూడు. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి. మాట గాలికి పోతుంది. మెసేజ్ పెట్టండి, ఫోటో పెట్టండి, తేదీ దానంతట అదే పడుతుంది. పెట్టె విప్పేటప్పుడే వీడియో తీయండి. బిల్లు లేకుండా, వారంటీ కార్డు మీద ముద్ర లేకుండా కొట్టు మెట్లు దిగకండి. బిల్లు ఇస్తే ధర ఎక్కువవుతుంది అంటే, ఆ తగ్గింపు మీకు కాదు, వాళ్ళకే లాభం.

నాలుగు. కొట్లాడే ముందు కాయితం చదవండి. మన తప్పు ఉంటే ముందే ఒప్పుకోండి. నేను వంపు విషయంలో నా తప్పు ఒప్పుకున్నాను కాబట్టే, పళ్ళచక్రం విషయంలో గట్టిగా నిలబడగలిగాను.

నవ్వేవాళ్ళ కోసం ఆ రైలు సంగతి కూడా చెప్పి ముగిస్తా. ఇప్పుడు పట్టాలు 22 అంగుళాల వంపుతో వేశాను, నడవ మొత్తం ఆక్రమించింది. సాయంత్రం పాలు పోసి వచ్చాక పది నిమిషాలు నడుపుతాను. రెగ్యులేటర్ ఒక్కోసారి మా ఆవిడ చేతిలో ఉంటుంది. "ఎనిమిది వేల ఇంజన్ మంచిగనే ఉరుకుతున్నది" అని ఆమె అంటే నేను మాట్లాడను.

మీరు కూడా రేపు పొద్దున ఒకసారి షెడ్డులోకి పోయి ఆ టార్పాలిన్ ఎత్తి చూడండి. స్ప్రేయరో, మోటారో, వీడరో, ఏదో ఒకటి ఉంటుంది. బిల్లు మీద తేదీ చూడండి. రెండేళ్ళు దాటకపోతే, ఈ వారమే ఒక ఉత్తరం రాయండి.