ఉప్పుమడుల నుంచి భువనగిరి బండకు

మన గంజాం తెలుగువారికి కొండలు కొత్త కావు. తారాతారిణి అమ్మవార్ల దర్శనానికి 999 మెట్లు ఎక్కనివారు మనలో అరుదు. మహేంద్రగిరి ముచ్చట్లు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. అయితే మెట్లున్న కొండ ఎక్కడం వేరు, మెట్టన్నది లేని నిలువుబండను వేళ్ళతో పట్టుకుని పాకడం వేరు. ఈ రెండో విద్య కోసం మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అక్కనూ మేనకోడలినీ వెంటబెట్టుకుని హుమ్మ నుంచి తెలంగాణాలోని భువనగిరికి వెళ్ళివచ్చాను. మన పిల్లల్లో ఇంకెవరికైనా ఆ సరదా ఉంటే దారి తెలుస్తుందని ఈ నాలుగు మాటలు.

ప్రయాణానికి ముందు ఇంట్లో పెద్ద పంచాయితీయే జరిగింది. పిల్లకు పద్నాలుగేళ్ళు. మా బావగారు కాలంచేశారు. అక్కకు ఉన్నది ఆ ఒక్క పిల్లే. “ఆడపిల్ల, కాలో చెయ్యో విరిగితే రేపు దాన్నెవరు చేసుకుంటారురా?” అంది మా అమ్మ. అక్క అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

పిల్ల మాత్రం మాలావత్ పూర్ణ కథ ఎత్తుకుంది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల బిడ్డ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంది. ఆ పాఠశాలల కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్‌కుమార్‌గారు పిల్లలకు కొండలెక్కే శిక్షణ ఇప్పించారు. పూర్ణ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి బండ మీదనే. నేపాలు వైపు నుంచి పదహారేళ్ళు నిండనివారిని ఎక్కనివ్వరు గనుక టిబెట్టు వైపు నుంచి బయలుదేరి, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు శిఖరం చేరింది. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్‌కుమార్ కూడా అదే యాత్రలో ఎక్కాడు. అంతా విని అమ్మ, “ఆ తల్లి ఎలా పంపిందో!” అని ఊరుకుంది. అక్క మర్నాడు పెట్టె సర్దింది.

ఇక దారి. హుమ్మలో పెద్ద బండ్లు ఆగవు. పాసింజరులోనో, పెద్ద రోడ్డు మీద బస్సులోనో బరంపురం చేరాలి. అక్కడ కోణార్క్ ఎక్స్‌ప్రెస్సు వంటి బండి ఎక్కితే విశాఖపట్నం, విజయవాడ మీదుగా మర్నాటికి కాజీపేట వస్తుంది. కాజీపేట, సికింద్రాబాదుల నడుమ లైనులోనే ఉంది భువనగిరి. హైదరాబాదు నుంచి వచ్చేవారికి సుమారు 50 కిలోమీటర్లు. వేసవిలో బండ కాలిపోతుంది కాబట్టి చలికాలమే మంచిది. శిక్షణ తేదీలు ముందుగా కనుక్కుని బయలుదేరాలి.

ఊరి నడుమ ఒకే రాయి, ఐదువందల అడుగులకు పైబడిన ఎత్తు. పైన కోట ఉంది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీదనే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. కోట చూసేవారికి మెట్లదారి ఉంది, మనవంటి వయసువారికి అది చాలు.

నేర్చుకునేవారికి మొదట పైనుంచి తాడు వేస్తారు. ఎక్కేవారి నడుముపట్టీకి ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసి, తాడును పైన గట్టి ఆధారం గుండా తిప్పి కిందికి తెస్తారు. కింద ఒకరు ఆ తాడు పట్టుకుని ఉంటారు. చెయ్యి జారినా పిల్ల అక్కడే వేలాడుతుంది. చెయ్యి తిరిగినవారు బండలో దిగగొట్టిన బోల్టులకు తాడు తగిలించుకుంటూ పోతారు. వారు జారితే చివరి బోల్టుకు ఎంత పైన ఉన్నారో దానికి రెట్టింపు, పైగా తాడు సాగినంత కిందికి పడతారు. అందుకే ఎక్కేముందు ఒకరి ముడి ఒకరు పరీక్షించాలి. మా ఆఫీసులో ఒక సంతకం కింద రెండో సంతకం ఉన్నట్టే. ఈ క్రీడను 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మొదటిసారి చేర్చారు.

చేతుల చెమట పీల్చడానికి పూసుకునే తెల్లపొడి మెగ్నీషియం కార్బొనేటు. మన హుమ్మ మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదునీటిలో ఉండేదీ మెగ్నీషియమే అని చెబితే పిల్ల తెగ మురిసిపోయింది.

ఇంతకంటే పెద్ద గోడలు ఎడారుల్లో ఉన్నాయి. జోర్డానులో అకాబా రేవు నుంచి మోటారులో గంట దూరాన ఉన్న వాదీ రమ్ అలాంటిదే. గల్ఫులో ఉన్న మనవాళ్ళు వీలైతే చూడవచ్చు. అక్కడిది ఇసుకరాయి. వాన పడితే బలం తగ్గుతుంది, ఆరేదాకా ఎక్కకూడదు.

ప్రమాదం లేదని నేను చెప్పను. మన తెలుగువాడే, నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కి, 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. అక్కకు ఆ సంగతి దాచకుండా చెప్పాను.

రెండోరోజు పిల్ల సగం బండ దాకా పోయి, జారి, తాడుకు వేలాడింది. అక్క కళ్ళు మూసుకోలేదు. పిల్ల కిందికి దిగాక శిక్షకుణ్ణి అడిగి ఆ ముడి తనూ నేర్చుకుంది. మూడుసార్లు వేసి, విప్పి, మళ్ళీ వేసింది. తిరుగు ప్రయాణంలో బండి విజయవాడ దాటాక, “వచ్చే ఏడూ పంపుతానురా. కాని ముడి నేను చూశాకనే ఎక్కాలి” అంది.